గుర్రం మీద నంబరు

కొట్టం ముందు, గుర్రాల్ని చూసుకునే వెండెల్ బిస్కెట్ అనే గుర్రం డొక్క మీద తెల్లరంగుతో తన ఫోన్ నంబరు రాస్తున్నాడు. గుర్రాల్ని పెంచే ఆ రాంచ్‌లో వేసవి క్యాంపుకొచ్చిన ఎనిమిదేళ్ల కోరా దగ్గుతూ పరుగెత్తుకొచ్చింది.

"బిస్కెట్ ఒళ్లంతా ఎందుకు పాడుచేస్తున్నావ్?"

"కొండ వెనక అడవి తగలబడుతోంది, దొరసానీ. మంట ఇటొస్తే గేటు తీసి గుర్రాల్ని వదిలేస్తాం. ఎక్కడో దొరుకుతాయిగా! దొరికినవాళ్లు నాకు ఫోన్ చేస్తారు."

"లారీలో ఎక్కించెయ్యొచ్చుగా?"

"ఉన్న ఒక్క రోడ్డూ మంటల్లో ఉంటే లారీ ఎలా వస్తుంది?" అనేసి వెండెల్ నాలుక కరుచుకున్నాడు.

"పాపం బిస్కెట్! మాకైతే బస్సొస్తోంది. మరీన్ చెప్పింది."

వెండెల్ కుంచెను మళ్లీ రంగులో ముంచాడు.

భోజనాల హాలు గంట మోగితే కోరా అటు పరుగెత్తింది. ఇంకా భోజనాల వేళ కాలేదు. క్యాంపు నడిపే మరీన్ పిల్లలందర్నీ వరండాలో వరసగా నిలబెడుతోంది. ఆమె నవ్వు మొహానికి అతికించినట్టుంది.

"రండి రండి, కొత్త ఆట! కోరా, నువ్వే ముందు. చొక్కా చెయ్యి పైకి మడుచుకో తల్లీ."

ఆమె చేతిలో లావుపాటి నల్ల మార్కరుంది.

"మీ అమ్మ ఫోన్ నంబరు చెప్పు."

కోరా వెనక్కి తిరిగి బిస్కెట్‌ను చూసింది. చెయ్యి వీపు వెనక దాచేసుకుంది.