సర్కారు మనిషి

తల్లి తెచ్చిన చాయ్ గ్లాసును సరిత లాక్కుని వాకిట్లో పారబోసింది.

"చావు ఇంటికొచ్చినోళ్ళకు మర్యాదలేందమ్మా?"

చిక్కడపల్లి బస్తీలోని ఆ ఒంటిగదిలో తల్లి ఆశమ్మ బిత్తరపోయింది.

చాప మీద కూర్చున్న ప్రభావతి మాత్రం కదల్లేదు. బీమా పథకాల మీద సర్కారుకు సలహాలిచ్చే ఉద్యోగం ఆమెది.

సరిత తండ్రి ఈదయ్య అశోక్‌నగర్‌లో హాస్టల్ బిల్డింగ్ కడుతూ పరంజా మీంచి పడి చనిపోయాడు. కార్మికుడి కార్డు గడువు దాటిందని బీమా ఇవ్వనన్నారు.

"ఆ రూల్ మార్పియ్యాలని చూస్తున్న సరితా. మీ నాన్న సంగతి జర చెప్పు."

"చెప్తే ఏమైతది? రిపోర్టు రాసుకుంటరు, ప్రమోషన్ కొట్టేస్తరు. మా నాయిన శవం మీద కెరీర్ కట్టుకుంటున్నరా?"

"అట్ల కాదమ్మా..."

"ఆ రూల్ రాసింది మీసొంటోళ్ళు కాదా? ఏసీల కూసొని రాసిండ్రు. లేవుండ్రి!"

ప్రభావతి లేచింది. ఆశమ్మకు దండం పెట్టి, చెప్పులేసుకుని గల్లీ దాటింది.

సర్కారు ఉద్యోగానికే చదువుతున్న సరితకు సర్కారు మనుషులంటేనే ఒళ్ళుమంట.

వానలు మొదలయ్యేసరికి రూల్ మారింది. గడువు దాటిన కార్డులకూ బీమా ఇస్తామని ఆశమ్మకు కబురొచ్చింది.

"ఆ మేడమే చేపిచ్చింది బిడ్డా. నువ్వు ఎళ్ళగొట్టినంక నారాయణగూడ బస్టాపు దాక ఉరికి, అంతా చెప్పిన," అంది ఆశమ్మ.

సరితకు తల తీసేసినట్టయింది. మర్నాడే బషీర్‌బాగ్ ఆఫీసుకు వెళ్ళింది.

ప్రభావతి కుర్చీలో ఎవరో కొత్తాయన కూర్చున్నాడు.

"మేడంను తీసేసిండ్రు," అన్నాడు గుమస్తా నగేష్.

"ఎందుకు?"

"రూల్ మారేదాక పెద్దసార్లతోని కొట్లాడింది. మారినంక పగబట్టి పంపిచ్చిండ్రు."

"ఇప్పుడు యాడున్నది?"

"ఊరిడిసి పోయింది. ఫోన్ గూడ కలుస్తలేదు."

సరితకు మళ్ళీ మండింది. ఈసారి ఆఫీసంతా వినిపించేలా అరిచింది.

"ఇంతమంది ఉన్నరు, నోర్లు లేవా మీకు? ఒక్కరన్న అడ్డం పడలేదా?"

బల్లల దగ్గర అందరూ ఫైళ్ళలో తలలు దూర్చారు.

"మాసొంటోళ్ళ కోసం గంత పెద్ద నౌకరి ఎందుకు పోగొట్టుకున్నది అన్నా?" అనడిగింది నగేష్‌ను.

నగేష్ చుట్టూ చూసి, మెల్లగా చెప్పాడు.

"ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలె, పోయేనాడు చెప్పింది... వాళ్ళమ్మ గూడ ఇసుక తట్టలు మోస్తుంటే గోడ కూలి సచ్చిపోయిందట."