ఏడు రోజుల గడువు

బస్సు వెనక నల్లటి పొగ లేచింది. రోడ్డు పక్కన మిర్చి బజ్జీలు వేస్తున్న గంగవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిట్టింది.

బాన్సువాడ దాటి బిచ్కుంద రోడ్డు ఎక్కేచోట రవాణా శాఖ జీపు నిలబడి ఉంది. పొగ బండ్లను పట్టుకోవడానికి వారం రోజులుగా అక్కడే కాపలా. ఇన్‌స్పెక్టర్ సౌజన్య చెయ్యెత్తింది.

డ్రైవర్ పండరి దూరం నుంచే గేర్లు దించుకుంటూ వచ్చి ఆపాడు. లోపల నలభై రెండు మంది బడిపిల్లలు. నాందేడ్ విహారయాత్ర. ముందు సీట్లో బస్సు యజమాని హరనాథబాబు.

"ఈరోజు బండి ఆగిందంటే నీ ఉద్యోగం కూడా ఆగినట్టే," అన్నాడు హరనాథబాబు. "దిగి నోరు మూసుకుని నిలబడు. నేను మాట్లాడతాను."

పండరి తల ఊపాడు. పదకొండేళ్లుగా ఆ స్టీరింగే అతనికి అన్నం పెడుతోంది.

"ఇది బస్సా, ఇటుకబట్టీయా?" అంది సౌజన్య. "పొల్యూషన్ సర్టిఫికెట్ తీయుండ్రి."

హరనాథబాబు నవ్వుతూ అందించాడు.

"దెగ్లూర్‌ల చేయించిండ్రా? బాన్సువాడల మిషన్లు లెవ్వా?"

"మహారాష్ట్రలో ఇచ్చినా దేశమంతా చెల్లుతుందండి. పొగ ఎంత ఉండాలో చెప్పేది ఢిల్లీ. మీరూ కాదు, మీ హైదరాబాదూ కాదు."

"నా రాష్ట్రం రోడ్డు మీద, నా కండ్ల ముంగట గింత పొగ వస్తుంటే..."

"అనుమానముంటే మళ్లీ పరీక్ష చేయించమని రాసివ్వండి. ఏడు రోజుల గడువు కేంద్రం రూల్లోనే ఉంది. ఈలోగా బండి ఆపారంటే కోర్టుకెళతాను. మీ పైవాళ్లు నాకు బాగా తెలుసు."

గడువు సంగతి నిజమే. సౌజన్య జీపు బానెట్ మీద పుస్తకం పెట్టి నోటీసు రాసింది. వారంలోగా పరీక్ష చేయించి కాగితం చూపాలి. అప్పటిదాకా బండి తిరగొచ్చు.

కిటికీల్లోంచి పిల్లలు చప్పట్లు కొట్టారు. హరనాథబాబు మీసం దువ్వుకున్నాడు.

"డ్రైవర్, ఇగో, ఈడ సంతకం పెట్టు. లైసెన్స్ చూపెట్టు," అంది సౌజన్య.

"చూపెట్ట," అన్నాడు పండరి.

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"ఏందీ?"

"పొగ లెక్క ఢిల్లీదైనంక నడుమ నువ్వెవరు? గీ ఖాకీ డ్రెస్సు తొడుక్కోంగనే సర్కారైతవా?"

"పండరీ!" హరనాథబాబు కేకేశాడు. "నోరు ముయ్యి. మేడమ్, వాడో వెర్రివెధవ. పట్టించుకోకండి."

సౌజన్య నిగ్రహించుకుంది. "పిల్లల మొఖం చూసి ఊకుంటున్న. లైసెన్స్ తీయి."

"పిల్లల ఫికర్ నీకెందుకు? పొయి జీపుల కూసో. ఏసీ ఏసుకో."

నోటీసు లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. ముక్కలు ఆమె బూట్ల మీద పడ్డాయి.



"కేంద్రం నీకు ఏడు దినాలిచ్చింది. నువ్వే చింపుకున్నవ్," అంది సౌజన్య. "లైసెన్స్ చూపలేదు, సర్కారు కాగితం చింపినవ్. బండి సీజ్! పిల్లల్ని దించుండ్రి."

"మేడమ్, క్షణంలో వేరే డ్రైవర్‌ని పిలిపిస్తానండి..."

"ఇంకొక్క మాట మాట్లాడితే మీ మీద గూడ కేసైతది."

బడి నుంచి వేరే బస్సు వచ్చేసరికి గంట పట్టింది. ఆఖరి పిల్లవాడు అందులోకి ఎక్కాక పండరి చొక్కా జేబులోంచి లైసెన్స్ తీసి సౌజన్యకు ఇచ్చాడు. ఆమె అతన్ని కొట్టేలా చూసింది.

ఖాళీ బస్సును పోలీస్ స్టేషన్‌కు పోనిచ్చాడు. మొదటి గేరు నుంచి పైకి మార్చలేదు. మనిషి నడక కన్నా వేగం లేదు. హరనాథబాబు పక్కనే నడుస్తూ దారిపొడవునా తిట్టాడు. స్టేషన్ ఆవరణలో అందరి ముందూ వేలు చూపించాడు.

"రేపట్నుంచి నా గడప తొక్కకు. నీ నోటి దురుసుకు అడుక్కు తింటావురా!"

ఎవరికో ఫోన్ చేస్తూ గేటు దాటి వెళ్లిపోయాడు.

సౌజన్య కాగితాలు నింపుతూ తలెత్తింది. "ఏం మనిషివి భై నువ్వు? ఏడు దినాలు ఇచ్చిన గద. సంతకం పెడితే నౌకరీ ఉండేది."

"గా ఏడు దినాలకే భయపడ్డ, మేడం."

పండరి గేటు వైపు ఒకసారి చూశాడు. యజమాని కనిపించలేదు. బస్సు బానెట్ ఎత్తాడు. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి లోపల కుక్కిన పాత చారల లుంగీ బయటికి లాగాడు. అది తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇంజన్‌కు గాలి అందకుంట జేసి పొగ నేనే పుట్టిచ్చిన. నోటి దురుసు డ్రైవర్‌కు ఇంకోకాడ స్టీరింగ్ దొరుకుతది, మేడం. ఓనర్ గుట్టు చెప్పినోనికి ఈ తాలూకాలనే దొరకది."

ఆమె నోరు తెరిచేలోపు బస్సు తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"నేన్జెప్పిన అని రాయకుండ్రి గని, ఒక్కపారి ఎక్కి బ్రేకు తొక్కి చూడుండ్రి."