మూత మీది ముద్ర

గేటు అవతల నిలబడి ముసలాయన మంచినీళ్ళు అడిగాడు.

ఆవిడ గ్లాసుతో తెచ్చింది గానీ గడియ తీయలేదు. ఊచల సందులోంచి అందించింది.

కొన్నాళ్ళుగా చూస్తోంది ఆయన్ని. చంకలో మడిచిన నల్ల గొడుగు. ఎంత ఎండలోనూ విప్పడు. పొద్దున్నే వచ్చి పెరటి కంచె వెలుపల నిలబడి, వాళ్ళ తేనెపెట్టెల వైపే చూస్తాడు. ఆ తర్వాత పక్కనున్న పొద్దుతిరుగుడు చేలోకి వెళ్ళి రైతుతో ఏదో మాట్లాడతాడు. మాట్లాడుతూ గొడుగు కొనతో పెట్టెలను చూపిస్తాడు.

ఆవిడ ఆయనకు గొడుగాయన అని పేరు పెట్టింది. పేరు పెట్టాక భయం ఇంకా పెరిగింది.

"కీడెంచి మేలెంచమన్నారు," అంది కొడుకుతో.

"నువ్వు కీడు దగ్గరే కూర్చుంటావమ్మా. మేలు దాకా ఎప్పుడొచ్చావు?" అని నవ్వాడు కొడుకు.

నవ్వడానికి వాడికేం? కొట్లో గుమాస్తా పని మానేసి పెట్టెలు కొన్నాడు. మొదటి పూత ఇది. తేనె బాగానే పడుతోంది. కానీ ఊరూ పేరూ లేని సీసాను పట్నం కొట్లవాళ్ళు తాకనైనా తాకరు. పాకం కలిపారేమోనని కొనేవాళ్ళ అనుమానం.

తేనెటీగలు పెంచేవాళ్ళ సంఘానికి ఒక ఉమ్మడి ముద్ర ఉంది. మూత మీద ఆ గుండ్రటి బిళ్ళ ఉంటే చాలు, ఎవరింటి తేనె అని ఎవరూ అడగరు. నమూనా సీసా పరీక్షలో నెగ్గితే కొడుక్కీ ఆ ముద్ర వస్తుంది. నెగ్గకపోతే మళ్ళీ గుమాస్తా పనే, అదీ వాళ్ళు రానిస్తే.

ముద్ర ఉన్న సీసా ఒకటి కొట్లో కొని అలమారలో పెట్టుకుంది ఆవిడ. రోజూ మూత తుడిచి చూసుకునేది. చూసుకుని, దానికీ బెంగపడేది.

"ఎవరో పురుగుమందు తగిలిన తేనె పోస్తే మన సీసాలు కూడా వెనక్కి వస్తాయటగా?"

"మనం పోస్తే వాళ్ళవీ వస్తాయి. అందుకే ఒకరి పెట్టెలను ఒకరు కాచుకుంటారు," అన్నాడు కొడుకు.

ఇప్పుడు ముసలాయన నీళ్ళు తాగి, గ్లాసు తిరిగి ఇచ్చాడు.

"పెట్టెలు మంచి నీడలో పెట్టారు తల్లీ."

"ఇంతకీ మీరెవరండీ?"

"నేనూ తేనె పనివాడినే."

"అయితే మీ సీసాకు ముద్ర ఉందా?"

ఆయన గొడుగును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"లేదమ్మా."

ఆవిడకు అంతా తేటతెల్లమైపోయింది. తనకు దక్కలేదన్న కడుపుమంటతో, దక్కబోయేవాళ్ళ నోట్లో మన్ను కొట్టడానికే తిరుగుతున్నాడు. మళ్ళీ ఈ ఛాయలకు రావద్దని ముఖానే చెప్పేసింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. అబ్బాయి ఉన్నాడా అని మాత్రం అడిగాడు. లేడంది. లోపల కొడుకు సీసాలు కడుగుతున్న చప్పుడు ఇద్దరికీ వినబడుతూనే ఉంది.

అక్కడితో ఊరుకోలేదు ఆవిడ. పక్క చేలోకి వెళ్ళి రైతును పట్టుకుంది.

"ఆ గొడుగాయన ఏం చెప్పినా చెవిన పెట్టకండి అన్నయ్యగారూ. మా పెట్టెలు నాశనం చెయ్యాలని చూస్తున్నాడు."

రైతు తల గోక్కున్నాడు. మీ పెట్టెలు, మీ ఇష్టం అన్నాడు.

గొడుగాయన మళ్ళీ కనిపించలేదు. ఆవిడకు కంటినిండా నిద్ర పట్టింది.

ఒక రోజు ఎండెక్కే వేళ పెరట్లోంచి కొడుకు పిలిచాడు. ఆ పిలుపులోనే తేడా తెలిసింది.

పెట్టెల ముందు నేలంతా ఈగలు. కొన్ని వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి. గూటి గుమ్మం దాకా వచ్చినవి లోపలికి పోలేక జారిపడుతున్నాయి. చేలోంచి ఘాటుగా మందు వాసన.

ఆవిడ పరుగెత్తింది. నిండు పూత మీద పట్టపగలు మందు కొడతారా అని నిలదీసింది.

రైతు పంపు దించి బిత్తరపోయి చూశాడు.

"పొద్దు గూకి, ఈగలు గూటికి చేరాకే కొట్టమని ఆయనే వచ్చి బతిమాలేవాడమ్మా. ముందురోజే మీవాడికి చెప్పమనేవాడు. సరేనన్నాను. ఆయన మాట వినొద్దని మీరేగా చెప్పింది?"



నమూనా సీసా తీసుకెళ్ళడానికి సంఘం కార్యదర్శి ఆ సాయంత్రమే వచ్చింది. కొడుకు సీసా ఇవ్వలేదు. ఈగలు మందు చేలో వాలాయనీ, ఈ పూత తేనెకు ముద్ర అడగననీ తనే చెప్పాడు. చెబుతున్నంతసేపూ తల్లి వైపు చూడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకు.

"పెద్దాయన ఇటువైపు తిరుగుతున్నారు కదా అని ధీమాగా ఉన్నాను," అంది కార్యదర్శి.

ఏ పెద్దాయన అని కొడుకు అడిగాడు. చంకలో గొడుగు ఉంటుందనీ, కొత్తగా పెట్టెలు పెట్టినవాళ్ళ చుట్టుపక్కల చేలన్నీ తిరిగి రైతులకు చెప్పి వస్తారనీ, ఆ పని ఎవరూ చెప్పకుండా ఆయన తనకు తానే పెట్టుకున్నదనీ చెప్పింది. ఎవరైనా రావద్దంటే మాత్రం మళ్ళీ ఆ దారి తొక్కరట.

ఆవిడ కార్యదర్శి దగ్గరకు జరిగింది.

"నాతో ముద్ర లేదన్నారే..."

"లేదు పిన్నిగారూ. ఒక ఏడు ఆయన ఈగలూ ఇలాగే మందు చేలో వాలాయి. పరీక్షలో కూడా బయటపడలేదు. ఆయనే వచ్చి చెప్పి, తన సీసాల మీది బిళ్ళలు తన చేత్తోనే పీకేశారు. ఎంత బతిమాలినా మళ్ళీ తీసుకోలేదు."

ఆవిడ లోపలికి వచ్చి అలమార ముందు నిలబడిపోయింది. కార్యదర్శి వెనకనుంచి ఇంకొక్క మాట చెప్పింది.

ఇన్నాళ్ళూ ఆవిడ రోజూ తుడిచి చూసుకున్న ఆ ముద్రను, ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించి, మొదట పుట్టించింది గొడుగాయనేనట.