పలకని పేరు

కంప్యూటరు డబ్బా ముందువైపు, పాత సీడీ అర ఖాళీలో, అరచేతి పొడవు తెరను పెట్టి అసిల్ ఆఖరి స్క్రూ బిగించింది. పక్షవాతంతో మాట పడిపోయిన మామగారి కళ్లకు మానిటర్ వెలుగు పడదు. ఈ చిన్న తెర మీదైతే ఆయన కొట్టిన అక్షరాలు మెత్తగా, పచ్చగా కనిపిస్తాయి.

"ఇప్పుడు కొట్టండి మామయ్యా."

ఎడమచేతి వేలు ఒక్కో మీటనూ వెతుక్కుంది. తెర వెలిగింది.

'నా పేరేమిటి?'

టీ పోస్తున్న అత్తగారు బురుల్ చెయ్యి ఆగిపోయింది. "చెప్పవే."

"మామగారి పేరు కోడలు పలకొచ్చా అత్తయ్యా? మీరే చెప్పండి."

"మొగుడి పేరు నేను మాత్రం ఎలా పలుకుతానే? మా అబ్బాయికి ఫోన్ చెయ్యి."

"ఆయనెక్కిన బిష్కెక్ నగరం బస్సు కనుమ దాటేదాకా సిగ్నల్ ఉండదు." అసిల్ కీబోర్డు దగ్గరకు లాక్కుంది. "పలకకూడదు గానీ, రాయొచ్చుగా."

బురుల్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉండు. నలభై మూడేళ్లు దాచుకున్న మాట నీ మరమేకుల పెట్టె చెప్పాలా?"

ముసలాయన పక్కన కూర్చుని, గడ్డం పట్టి ఆయన మొహం తనవైపు తిప్పుకుంది. కొత్త పెళ్లికూతురిలా గొంతు తడబడింది.

"డోరోన్‌బెక్."

ఆయన శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. వేలు మళ్లీ మీటల మీదికి వెళ్లింది. అత్తాకోడళ్లిద్దరూ తెర మీదికి వంగారు.

'ఆ డోరోన్‌బెక్‌ని పిలవండి. నా పేరు ఆయనకు తెలిసుంటుంది.'