ఇంజన్ లేని విమానం

చీకటి పడ్డాక ఆ చిన్న విమానాశ్రయంలో మిగిలేది మెకానిక్ ఒక్కడే. ఆ రాత్రి అల్లుడి విమానం ఇంజన్ విప్పి బల్ల మీద పెట్టుకుని షెడ్డులో పని చేసుకుంటున్నాడు. వాన వెలిసింది. చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది.

ఉన్నట్టుండి గోడ మీది రేడియో గరగరలాడింది.

"మామయ్యా, నేనే. రన్‌వే లైట్లు వేయండి. దిగుతున్నాం, ఏమీ కనబడట్లేదు."

అల్లుడి గొంతే. అల్లుడి విమానం మాత్రం ఇంజన్ లేని ఖాళీ ముక్కుతో అతని ఎదురుగానే ఉంది. మెకానిక్ కూతురికి ఫోన్ చేశాడు.

"ఆయన ఇప్పుడే పడుకున్నారు నాన్నా. లేపనా?"

"వద్దులేమ్మా."

"తొందరగా మామయ్యా, పెట్రోలు అయిపోతోంది!" రేడియో బతిమాలింది.

ఎవరైతేనేం, పైనున్నది ప్రాణమే కదా అనుకుని అతను లైట్ల స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"నీతో ఇంకెవరున్నారు బాబూ?"

రేడియోలో ఎవరో దగ్గారు. మాట్లాడింది అచ్చం మెకానిక్ గొంతే.

"వెయ్యకురా. నీకు దణ్ణం పెడతాను, ఆ లైట్లు వెయ్యకు."

షెడ్డు కప్పు మీదుగా ఇంజన్ చప్పుడు దగ్గరవుతోంది. అతని వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది.