వంకర పిట్టగూడు

"నాకిది వద్దు నాన్నా. వంకరగా ఉంది," అంది పాప.

వంటింటి బల్ల మీద చెక్కతో చేసిన పిట్టగూళ్ళు రెండున్నాయి. ఒకటి నున్నగా, మూలలన్నీ అతికినట్టు కుదిరి, చూడముచ్చటగా ఉంది. రెండోది ఒక పక్కకి ఒరిగింది. దాని కప్పు తాగుబోతు టోపీలా జారింది. నాలుగు మేకులు వంగి బయటికి తొంగిచూస్తున్నాయి. రంగు గూటికంటే దాని కింద పరిచిన కాగితానికే ఎక్కువ అంటింది.

"ఇదే తీసుకెళ్ళాలి," అన్నాడు నాన్న. ఆయన వడ్రంగి. ఆ వీధిలో సగం తలుపులు ఇరవయ్యేళ్ళుగా ఆయన బిగించినవే.

"అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. మూడో తరగతి పిల్లలు చేసేవి ఇలాగే ఉంటాయి."

"మేకులు కూడా వంగే ఉంటాయా?"

"ఉంటాయి తల్లీ."

అమ్మ నీళ్ళ సీసా మూత బిగిస్తూ కలగజేసుకుంది. "బడివాళ్ళు పోటీ గురించి రాసి పంపింది చూశావుగా. 'పిల్లలే చేయాలి, పెద్దలు చెయ్యి పెట్టకూడదు' అని రాసి, కింద గీత కూడా గీశారు. ఆ నున్నటిది పట్టుకెళ్తే మళ్ళీ పోయినేటి గొడవే."

పోయినేటి మాట ఎత్తగానే పాప వంకర గూటిని తనవైపు లాక్కుంది. అప్పుడు బుల్లి పీట తీసుకెళ్తే, "ఇది మీ నాన్న పనే కదా" అని టీచరు అందరి ముందూ దాన్ని బల్ల మీంచి దించి మూలన పెట్టేసింది. పాప వెక్కి వెక్కి ఏడ్చింది. నెల రోజులు నాన్న పనిచేసే షెడ్డు గడప తొక్కలేదు. ఆ ఏడుపు ఇంకోసారి చూడలేకే నాన్నకి ఇంత పట్టుదల.

వంకర గూటిని సంచిలో పెట్టుకుని ముగ్గురూ బయల్దేరారు. కుడి బొటనవేలికి కట్టు ఉండటంతో నాన్న సంచిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా వేలి మీద కొట్టుకున్నావా?" అమ్మ నవ్వింది.

"నవ్వకు. ఇంకా సలుపుతోంది."

బడి హాల్లో బల్లల మీద ఉన్నవి పిట్టగూళ్ళు కావు, పిట్టలకు కట్టిన బంగళాలు. ఇంజనీరు గారబ్బాయి గూటికి మెట్లు, వరండా, మీట నొక్కితే వెలిగే దీపం. డాక్టరు గారమ్మాయి గూటికి కిటికీ తెరలు, తిరిగే ఫ్యాను. తల్లిదండ్రులు పిల్లల్ని వెనక్కి నెట్టి, ఒకరి గూటి లోపాలు ఒకరు వెతుకుతున్నారు. "ముట్టుకోకు, పాడుచేస్తావు," అని ఒకాయన కొడుకు చేతి మీద ఒక్కటిచ్చాడు. గూటి మీద అతికించిన చీటీలో మాత్రం ఆ కొడుకు పేరే ఉంది.

హెడ్మిస్ట్రెస్ ఒక్కో బల్ల దగ్గరా ఆగుతూ వచ్చింది.

"ఈ దీపం ఎలా వెలుగుతుంది బాబూ?"

ఇంజనీరు గారబ్బాయి తండ్రి వంక చూశాడు.

"పొద్దున చెప్పాను కదరా," తండ్రి పళ్ళు నూరాడు.

డాక్టరు గారమ్మాయి ఇంకాస్త నయం. "ఫ్యాను సంగతి అమ్మనడగండి, తెరలు నాన్ననడగండి," అని ఉన్నమాట చెప్పేసింది.

వంకర గూటి ముందు హెడ్మిస్ట్రెస్ ముఖం విప్పారింది.

"ఈ మేకులెందుకమ్మా ఇలా వంగాయి?"

"సుత్తి తిన్నగా పడకపోతే వంగుతాయి మేడమ్," పాప చిరాగ్గా అంది. "ముందు చిన్న బెజ్జం వేసుకుని, తర్వాత కొట్టాలి. కప్పు కూడా కొలిచి కోసుంటే జారేది కాదు."

"మళ్ళీ చేయమంటే?"

"ఇలా మాత్రం చేయను."

హెడ్మిస్ట్రెస్ హాలంతటికీ వినబడేలా గొంతు పెంచింది. "విన్నారా? తప్పు చేసి నేర్చుకోవడమంటే ఇదీ. ఈ పాప వడ్రంగి గారి కూతురు. ఆయన తలచుకుంటే ఇక్కడున్నవన్నీ దిగదుడుపే. అయినా చెయ్యి పెట్టలేదు. ఆయన్ని చూసి బుద్ధి తెచ్చుకోండి."

చప్పట్లు మోగాయి. ఇంజనీరు గారు కూడా చేసేది లేక రెండు చప్పట్లు కొట్టాడు. నాన్న కట్టున్న వేలిని జేబులో దాచుకుని నేలచూపులు చూశాడు. అంత పనితనం ఉండి ఇంత వినయమా అని తల్లులు చెవులు కొరుక్కున్నారు.

వంకర గూటికి మొదటి బహుమతిగా ఇచ్చిన కప్పుని ఇంటికి రాగానే పాప అమ్మ చేతిలో పెట్టేసింది. బల్ల మీది నున్నటి గూటిని ఒళ్ళోకి తీసుకుని, బోర్లించి, అడుగున పెన్సిలుతో తన పేరు రాసుకుంది.

"వేలు నొప్పి తగ్గిందా నాన్నా?" అడిగింది పాప, తలెత్తకుండానే.

"తగ్గిందమ్మా."

వంకర గూడు చేసింది నాన్నే, ఎడమచేత్తో.