చుట్టం చచ్చిపోయే సీను

“ఆ చావు సీను తీసేసి వేసుకో. మిగతా సినిమాతో నాకు పేచీ లేదు” అన్నాడు దర్జీ.

థియేటరు మేనేజరు కుర్చీలోంచి లేవలేదు. కిటికీ అవతల టికెట్ల వరస వీధి మలుపు దాకా సాగింది. వరసలో సగం మంది చొక్కాల మీద గుడ్లు మిటకరించిన రబ్బరు మొహం బొమ్మ ఉంది.

“పెద్దాయనా, వాళ్లంతా వచ్చిందే ఆ సీను కోసం. తీసేస్తే నన్ను తంతారు.”

“తన్నించుకో.”

మేనేజరు నవ్వాడు. దర్జీ నవ్వలేదు.

నలభై ఏళ్ల కిందటి నలుపు తెలుపు సినిమా అది. ఆకాశం నుంచి ఒక ప్రాణి ఒంటరిగా దిగుతుంది. ఎవరి జోలికీ పోదు. తలుపులు తట్టి మంచినీళ్లు అడుగుతుంది. జనం భయపడి దాన్ని ఒక గోదాములోకి తరిమి, పొగపెట్టి చంపుతారు. సినిమాలో దానికి పేరు లేదు. చూసినవాళ్లే చుట్టం అని పెట్టుకున్నారు. తర్వాత కంప్యూటర్లలో పుట్టిన గ్రహాంతరవాసులు చాలామంది వచ్చారు, పోయారు. చుట్టం మాత్రం పోలేదు. ఏటా ఒకసారి ఏదో ఒక థియేటర్లో దిగుతూనే ఉంది.

“చుట్టం వేషానికి రబ్బరు తొడుగు కుట్టింది మీరేనన్నారుగా” అన్నాడు మేనేజరు. “తెర మీద పేరు వెయ్యలేదని కోపం. అంతేగా? ఇవాళ డైరెక్టరుగారు వస్తున్నారు. మిమ్మల్ని కూడా స్టేజీ ఎక్కిస్తాను.”

“నా పేరు ఎవడికి కావాలి? సీను తియ్యి.”

“ఎందుకో చెప్పండి మరి.”

“చెప్తే తీసేస్తావా?”

“చూద్దాం.”

“చూడవు. చెప్తే దాన్నీ పోస్టరు మీద అచ్చేస్తావు. ఇంకో రెండాటలు ఎక్కువ వేస్తావు. మీ సంగతి నాకు తెలీదా?”

మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. “హక్కులన్నీ డైరెక్టరుగారివి. నేను అంగుళం కత్తిరించినా కోర్టుకి లాగుతారు. ఆట అయ్యాక ఆయన్నే అడుక్కోండి.”

“అడుక్కోను. అడుగుతాను.”

ముందు వరసలో చివరి కుర్చీ ఇచ్చారు. దర్జీ తెర వంక చూడలేదు. మోకాళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఒక నడివయసు జంట.

“ఇన్నిసార్లు చూశారు. ఇంకా ఏముందండీ దీన్లో?” అంది భార్య.

“ఇప్పటివి గాల్లో బొమ్మలే. బరువుండదు. దీన్ని చూడు, అడుగేస్తే నేల అదురుతుంది. కొత్తవాటిని చూస్తే అబ్బో అనిపిస్తుంది, ఇంటికెళ్లి మర్చిపోతాం. దీన్ని చూస్తే తలుపు తియ్యాల్సిందనిపిస్తుంది.”

“మనింటి తలుపు తడితే తీస్తారా?”

“నిన్ను పంపిస్తాను.”

“పంపిస్తారు, పంపిస్తారు. ఈ హాల్లో ఉక్కకే నేను చస్తున్నాను. ఆ రబ్బర్లో ఎవరున్నారో, పాపం ఎలా ఉన్నారో.”

దర్జీ తల తిప్పి ఆమెను చూశాడు. మళ్లీ మోకాళ్ల వైపు తిరిగాడు.

గోదాము సీను వచ్చింది. హాలంతా లేచి నిలబడింది. ఇది వాళ్ల ఆనవాయితీ. పొగలో చుట్టం రెండు చేతులతో మెడ గీరుకుంది. హాలంతా మెడలు గీరుకుంది. చుట్టం కూలబడి అరచేత్తో నేలను కొట్టింది. హాలంతా కాళ్లతో నేలను తన్నింది. దెబ్బ దెబ్బకీ కేకలు, ఈలలు.

“పెద్దాయనా, మీరూ లేవండి” అని పక్కతను భుజం తట్టాడు.

“చెయ్యి తీస్తావా, విరిచెయ్యమంటావా?”

అతను చెయ్యి తీశాడు.

ఆట అయ్యాక దీపాలు వెలిగాయి. డైరెక్టరు కర్ర పట్టుకుని స్టేజీ ఎక్కి సోఫాలో కూర్చున్నాడు. యాంకరమ్మాయి మైకు అందుకుంది.

“ఎన్నిసార్లు చూసినా ఆ చావు ఒళ్లు జలదరింపజేస్తుంది. ఎలా తీశారు సార్?”

“ఒక్క టేకు. మెడ అలా గీరుకోవాలి, నేలను అలా కొట్టాలి అని ముందురోజే నేను చేసి చూపించాను. ప్రతి కదలికా నాదే.”

“మరి లోపల ఉన్న ఆర్టిస్టు?”

“ఎవరో ఎక్స్‌ట్రా. పేరు గుర్తులేదు. తొడుగు వేశాక లోపల ఎవరుంటే ఏముందమ్మా?”

హాలు నవ్వింది. దర్జీ లేచాడు.

“అబద్ధం. నువ్వేమీ చేసి చూపించలేదు.”

మేనేజరు పక్క నుంచి కూర్చోమని సైగ చేశాడు. డైరెక్టరు కళ్లు చికిలించాడు. “ఎవరయ్యా నువ్వు?”

“ఆ తొడుగు కుట్టినవాణ్ణి. జిప్పు పెడితే కెమెరాకి మెరుస్తుందన్నావు. రోజూ మనిషి లోపలికి దూరాక వీపు మీద నేను కుట్టెయ్యాలి, నువ్వు కట్ అన్నాక నేను కొయ్యాలి. అనేదాకా ఎవడూ అడుగు ముందుకెయ్యకూడదన్నావు. చావు సీను రోజు అడ్డొస్తానని నన్ను ఇద్దరి చేత పట్టించావు. ఆరోజు రీలు అయిపోయేదాకా కట్ ఎందుకు అనలేదు?”

డైరెక్టరు కర్ర మీద బరువు వేసి లేచాడు. ఆయనకు దర్జీ ఎవరో గుర్తొచ్చింది.

దర్జీ దగ్గర మైకు లేదు; హాలుకి తొడుగు కుట్టినవాడన్న మాటొక్కటే వినిపించింది. వరసలకు వరసలే లేచి చప్పట్లు కొట్టాయి. యాంకరమ్మాయి పరుగున స్టేజీ దిగి వచ్చి మైకు అతని నోటి దగ్గర పెట్టింది.

“ఇన్నేళ్లూ ఎక్కడున్నారు తాతగారూ? తొడుగులో ఉన్నది కూడా మీరేనా? అంత సహజంగా ఎలా నటించారు?”

“ముందు వాళ్లని చప్పట్లు ఆపమను.”

ఆమె చెయ్యెత్తింది. హాలు సద్దుమణిగింది. డైరెక్టరు అప్పటికే స్టేజీ వెనక మెట్ల వైపు నడుస్తున్నాడు.

“నటించలేదమ్మా, నా భార్య అందులో ఊపిరాడక చచ్చిపోయింది.”